పోచంపల్లి చిటికి నేతతో కొత్త ఫ్లాటు: ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారం

హైదరాబాదు తూర్పు శివార్లలో మేము చేరిన ఫ్లాటును పోచంపల్లి, పుట్టపాక గ్రామాల చిటికి నేతతో, అంటే ఇకత్‌తో, అలంకరించాలని నిశ్చయించుకున్నాము. ఆ పని ఎలా సాగిందో ఈ డైరీలో రాసి పెట్టుకుంటున్నాను. గోడలన్నీ తెలుపు, నేలంతా లేత బూడిద రంగు టైల్స్, కిటికీలన్నీ యూపీవీసీ జారుడు అద్దాలు. ఇల్లు శుభ్రంగానే ఉంది గానీ ఏ ఊరి ఇల్లో చెప్పే ఆనవాలు ఒక్కటీ లేదు. బిల్డరు తరఫున వచ్చిన ఇంటీరియరు డిజైనరు హాలులో ఒక గోడకు ఇకత్ నమూనా ముద్రించిన వాల్‌పేపరు సూచించారు. అందుకు నేను ఒప్పుకోలేదు. పోచంపల్లి మా ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం కూడా లేనప్పుడు, నూలును కట్టి రంగులద్ది నేసేవారు ఇంత దగ్గరలో ఉన్నప్పుడు, ఆ నమూనా నీడను కాగితం మీద ముద్రించి గోడకు అంటించుకోవడం నాకు సమ్మతం కాదు.

పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాను. బట్ట కొని తెచ్చి గదికి తగినట్టు కత్తిరించడం కాకుండా, గది కొలతలను మగ్గానికి ఇచ్చి, మగ్గం నుంచి దిగిన బట్టను వీలైనంత వరకు కత్తెర తగలకుండా వాడాలి. ఈ నియమానికి కారణం చిటికి పనిలోనే ఉంది. ఇక్కడ డిజైను ముందుగా నూలుకు ఎక్కుతుంది, ఆ తరువాతే బట్ట తయారవుతుంది. పేక (అడ్డు పోగుల) నూలును ఆసు అనే మేకుల చట్రం మీద పోసి, గ్రాఫు కాగితం మీద గీసుకున్న లెక్క ప్రకారం రంగు అంటకూడని చోట్ల సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కొత్త చోట్ల కట్టి, మళ్లీ ఇంకో రంగులో ముంచుతారు. ఆ నూలు కండెలకు చుట్టుకుని, పేకను అటూ ఇటూ దాటించే నాడెలోకి చేరకముందే పువ్వు ఎక్కడ పడాలో, గీత ఎక్కడ ఆగాలో, ఖాళీ ఎంత ఉండాలో తేలిపోయి ఉంటుంది. అంత లెక్కతో వచ్చిన బట్టను దర్జీ బల్ల మీద పరచి నచ్చిన చోట కత్తిరిస్తే, నేత మొదలుకాక ముందు ఆ కుటుంబం పడిన శ్రమనంతా తుడిచివేసినట్టే అవుతుంది.

నవంబరు, మూడో వారం

కిటికీల దగ్గర వెలుతురును గమనిస్తూ వారమంతా గడిచింది. హాలు నుంచి బాల్కనీకి వెళ్లే జారుడు తలుపు పడమటి ముఖం, వెడల్పు 8 అడుగులు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ సోఫా వరకు వస్తుంది. పెద్ద పడకగది కిటికీ తూర్పున ఉంది. భోజనాల బల్ల వెనుక ఉన్న గోడకు ఏ వేళా నేరుగా ఎండ పడదు, పైగా అది బయటి గోడ కాదు కనుక వానాకాలంలో చెమ్మ దిగే భయమూ లేదు. ఏ బట్టను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు రంగుల పొందిక కంటే ముందు ఈ వెలుతురు పటమే జవాబు చెబుతుంది. పడమటి తలుపుకు ఎండను తట్టుకునే వ్యాట్ రంగుల్లో నీలం, తెలుపు. తూర్పు గదిలో మంచం మీదికి పెద్ద నమూనా ఉన్న దుప్పటి. నీడలో ఉన్న గోడకు నూనె పట్టించిన నూలుతో నేసే, ఎరుపు, నలుపు, తెలుపు కలిసిన తేలియా రుమాలు. సోఫా మెత్తలకు తొడుగులు. సోఫాకు మాత్రం చిటికి బట్ట వేయదలచుకోలేదు. చీరలకు, దుస్తులకు నేసే సన్నని నూలు బట్ట నిత్యం కూర్చుని లేచే చోట రాపిడికి తట్టుకోదు. దళసరి నూలుతో ప్రత్యేకంగా నేయించినా, కుర్చీ మూలల దగ్గర వంచి సాగదీసి మేకులు కొట్టేటప్పుడు నమూనా వంకర పోతుంది.

ఒక చూపులో ఒకే నమూనా అన్నది నేను పెట్టుకున్న రెండో కట్టుబాటు. హాలులో నిలబడి చూసినప్పుడు తెర కనిపిస్తే రుమాలు కనిపించకూడదు, రుమాలు ఎదుట కూర్చున్నప్పుడు తెర వెనుక వైపు ఉండాలి. చిటికి నమూనా అంచులు స్వభావరీత్యా కాస్త చెదిరి, రంగు ఒకదానిలోకి ఒకటి జారినట్టు కనిపిస్తాయి. అటువంటి రెండు నమూనాలు పక్కపక్కన ఉంటే కన్ను ఏ ఒక్కదాని మీదా నిలవదు.

డిసెంబరు, రెండో వారం

భూదాన్ పోచంపల్లి వెళ్లి వచ్చాము. ఈ ఊరి పేరుకు ముందు భూదాన్ చేరడానికి కారణం 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం చేయడమని తెలుగువారందరికీ తెలిసినదే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ గుర్తింపు వల్ల దుకాణాలు పెరిగాయి, దుకాణాలతో పాటు ముద్రించిన నకలు బట్ట కూడా వచ్చి చేరింది. పోచంపల్లి ఇకత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటికీ, రోడ్డు పక్క గుట్టలుగా పోసి అమ్మే ప్రతి దుప్పటీ మగ్గం మీద పుట్టినది కాదు. అందుకే దుకాణాలను దాటి నేరుగా నేసేవారి ఇంటికి వెళ్లడం మంచిదని అనుభవజ్ఞులైన బంధువులు చెప్పారు.

నకలును పోల్చే పద్ధతి మాకు పని ఒప్పుకున్న నేతకారుడు తన వరండాలోనే చూపించాడు. రెండు ముక్కలు చేతికిచ్చి తిప్పి చూడమన్నాడు. ముద్రించిన దానికి వెనుక వైపు రంగు వెలవెలపోయి ఉంది, నేసిన దానికి ఏది ముందో ఏది వెనుకో తెలియలేదు. తరువాత నేసిన ముక్క కోత అంచు నుంచి ఒక పోగు లాగి నా అరచేతిలో పెట్టాడు. జానెడు కూడా లేని ఆ ఒక్క పోగులో వేలెడు మేర నీలం, తరువాత తెలుపు, మళ్లీ నీలం ఉన్నాయి. నీలం నుంచి తెలుపుకు మారే చోట, రబ్బరు కట్టు కిందికి రంగు కొద్దిగా పాకి, గోరంత మేర లేత నీలం నిలిచింది. బట్టలో నమూనా అంచు చెదిరినట్టు కనిపించడానికి మూలం ఆ గోరంత చోటే. ముద్రించిన ముక్క నుంచి లాగిన పోగు ఒక పక్క మచ్చలు మచ్చలుగా, మరో పక్క తెల్లగా ఉంది. ఆ తేడాను కళ్లతో చూసిన తరువాత బట్ట ముద్రించినదో కాదో తేల్చుకోవడానికి ఇక ఏ ముద్రకోసమూ, ఏ చీటీకోసమూ వెతకవలసిన అవసరం ఉండదు. బట్ట అంచుల వెంట, నేసేటప్పుడు వెడల్పును బిగువుగా పట్టి ఉంచే కర్ర సూదులు దిగిన చిన్న రంధ్రాలు కూడా కనిపించాయి.

కొలతల దగ్గర అసలు చర్చ జరిగింది. "అక్కా, పడుగు ఒక్కసారి ఎక్కినంక మళ్ల కొలత మార్చుడు కుదరదు, ఏమున్నా ఇప్పుడే చెప్పాలె" అని ఆయన ముందే హెచ్చరించాడు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు. తలుపు తెరల లెక్క ఇది. బట్ట వెడల్పు 46 అంగుళాలు. 96 అంగుళాల తలుపుకు కుచ్చులు నిండుగా రావాలంటే వెడల్పుకు రెట్టింపు బట్ట ఉండాలి, అంటే 192 అంగుళాలు. నాలుగు తెరలకు 184 వస్తాయి, కాస్త తక్కువైనా అది చాలు. మగ్గం మీద వచ్చిన అంచునే తెర అంచుగా ఉంచితే పక్కల మడతకు బట్ట పోదు. ఎత్తు 90 అంగుళాలు, పైన మడతకు 4, కింద మడతకు 6, తడిపితే ముడుచుకునే నూలుకు ఇంకో 5 కలిపితే 105. అయితే నమూనా ప్రతి 12 అంగుళాలకు ఒకసారి మళ్లీ మొదలవుతుంది కనుక, నాలుగు తెరలూ నమూనాలో ఒకే చోట మొదలు కావాలంటే ఒక్కొక్కటి 108 అంగుళాలు ఉండాలి. నాలుగింటికి కలిపి సుమారు 11 మీటర్లు, కోతకు, తేడాలకు వదిలి 12 మీటర్లు చెప్పాము.

ఇంత కొద్ది బట్ట కోసం ఎవరూ విడిగా పడుగు చేయరు. నూలు తడపడం నుంచి మగ్గం అచ్చుకు పోగులు అతకడం వరకు పడే శ్రమ పది మీటర్లకైనా, అంతకు ఎన్నో రెట్లకైనా ఇంచుమించు ఒక్కటే. కాబట్టి అదే నీలం పడుగు మీద మిగిలిన బట్టను మా అంతస్తులోని పక్క ఫ్లాటు వారు తమ కిటికీలకు తీసుకునేలా మాట్లాడుకున్నాము. ఇళ్లకు చేనేత కావాలనుకునేవారు ఇలా ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పడుగును పంచుకుంటే నేసేవారికీ గిట్టుబాటు అవుతుంది, మనకూ కోరిన కొలత దొరుకుతుంది. దుకాణంలో ఉన్నదానితో సర్దుకోవడమే గతి అనుకోనవసరం లేదు.

డిసెంబరు, చివరి వారం

ఏ నమూనా ఎక్కడ అన్నది తేల్చాము. తెరకు పెద్ద పువ్వుల నమూనా వద్దని నేను, పెద్దదైతేనే అందమని ఇంట్లో వాళ్లు. చివరకు ఒక పాత ఇకత్ చీరను కర్రకు కుచ్చులతో వేలాడదీసి చూశాము. కుచ్చు పడగానే పెద్ద నమూనా సగం మడత లోపలికి పోయి, పైకి కనిపించేది ముక్కలు ముక్కలైంది. నిలువు గీతల మధ్య చిన్న బాణపు మొనల వంటి నమూనా అయితే మడతలతో పాటే కిందికి దిగుతుంది. అందువల్ల తెరకు పడుగు చిటికి, అంటే నిలువు పోగులకే కట్టు కట్టి రంగులద్దిన చారలు. చాచి పరిచే దుప్పటికి పేక చిటికి, పెద్ద చతురస్రాల నమూనా. గోడకు వేలాడే రుమాలుకు రెండు వైపుల పోగులూ కట్టిన జంట ఇకత్. మూడు చోట్లకు మూడు రకాల పని, ఒక్కొక్కటి ఆ చోటి అవసరం నుంచే పుట్టింది.

పేక చిటికిలో అన్నిటికంటె కష్టమైనది ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో దిగేసిన మేకుల చుట్టూ పోగును ఒక్కొక్కటిగా చేత్తో అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకు వేల సార్లు భుజం కదలాలి. ఆ పని ఇళ్లలో ఎక్కువగా ఆడవారిదే. తన తల్లి భుజాల నొప్పి చూసి చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారు చేశాడు. నాలుగు గంటలకు పైగా పట్టే పని దానితో గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా దుప్పటికి నూలు పోసిన ఇంట్లో కూడా ఆ యంత్రమే ఉంది. యంత్రం వచ్చాక చేనేత ఎలా అవుతుందని ఎవరైనా అడిగితే, ఆ ఇంటి పెద్దమ్మ భుజాలను అడగమని చెబుతాను. కట్టు కట్టేది, రంగు అద్దేది, నేసేది ఇప్పటికీ చేతులే.

దుప్పటి కొలతలో ఒక సంగతి విడిగా రాసి పెట్టుకోవాలి. పరుపు 72 అంగుళాల వెడల్పు, 78 పొడవు, దుప్పటి 90, 108. వెడల్పులో రెండు వైపులా 9 అంగుళాలు దిగుతాయి, కాళ్ల వైపు కూడా 9 దిగితే తల వైపు దిండ్ల కిందికి మడవడానికి 21 మిగులుతాయి. అప్పుడు పరుపు మధ్య భాగం దుప్పటి కాళ్ల వైపు అంచు నుంచి 48 అంగుళాల దూరంలో పడుతుంది, దుప్పటి మధ్య మాత్రం 54 దగ్గర ఉంటుంది. నమూనా నడుమ ఉన్న పెద్ద చతురస్రాన్ని దుప్పటి మధ్యన కాకుండా పరుపు మధ్యన నిలపాలంటే 6 అంగుళాలు కాళ్ల వైపుకు జరపాలి. పేక చిటికి కనుక ఇది సులువు. తల వైపు సాదా పేక ఎక్కువ, కాళ్ల వైపు తక్కువ నేస్తే సరిపోతుంది, కట్టు లెక్క మార్చనవసరం లేదు. నేతకారుడు ఈ మాట వినగానే గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీసి సరేనన్నాడు. బజారులో కొన్న ఏ దుప్పటికీ ఈ వీలు ఉండదు.

జనవరి, రెండో వారం

నమూనా ముక్కలు వచ్చాయి. నీలం ముక్కను రెండుగా చేసి ఒకటి పడమటి అద్దానికి లోపలి వైపు అంటించాను, రెండోది బీరువాలో పెట్టాను. తెల్లని తడి గుడ్డతో గట్టిగా రుద్ది చూస్తే గుడ్డకు రంగు అంటలేదు. సబ్బు నీళ్లలో నానబెట్టినా తెలుపు చారల్లోకి నీలం దిగలేదు. చిటికి బట్ట విషయంలో ఈ రెండో పరీక్ష చాలా ముఖ్యం. రంగు ఒక్క ఛాయ వెలిసినా సర్దుకోవచ్చు గానీ, రంగు దిగి తెలుపు మురికిబారితే కట్టు కట్టినందుకు ఫలితమే ఉండదు.

మెత్తల తొడుగుల నమూనా కూడా వచ్చింది. వీటికి కత్తెర తప్పదు కనుక, కత్తెర పోవలసిన దారిని నేతలోనే పెట్టించాము. 18 అంగుళాల చతురస్రాలు పక్కపక్కన రెండు, వాటి మధ్యా అంచుల్లోనూ సాదా పట్టీలు. కుట్టు ఆ సాదా పట్టీలోనే పడుతుంది, నమూనా ఎక్కడా తెగదు.

ఫిబ్రవరి, మొదటి వారం

పుట్టపాక వెళ్లాము. సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఈ ఊరికి చిటికి ప్రపంచంలో ప్రత్యేక స్థానం ఉంది. గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు చీరాల నుంచి కూడా ఈ రుమాళ్లు సముద్రం దాటి అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లేవి. రుమాలు నూలు తయారీ నేను చదివి తెలుసుకున్నదాని కంటె కన్నులారా చూసినప్పుడు మరింత అబ్బురం కలిగించింది. ఆముదపు కాయల బూడిదను నీళ్లలో కలిపి తేర్చిన క్షారపు నీటిలో నూనె కలిపి, ఆ మిశ్రమంలో నూలును రోజూ నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, పక్షం రోజులకు పైగా అదే పని చేస్తారు. అలా నూనె పట్టిన నూలు మీద పటికతో కలిసినప్పుడు ఎరుపు లోతుగా దిగుతుంది, ఇనుముతో కలిసినప్పుడు నలుపు నిలుస్తుంది. ఆ నూలు ముట్టుకుంటే మెత్తగా జారుతుంది, దగ్గరగా ముఖం పెడితే గానుగ దగ్గరి వాసన వస్తుంది.

పాత రుమాళ్లలో గీతలు, చతురస్రాలతో పాటు విమానం, గడియారం వంటి బొమ్మలు కూడా నేసేవారు. ఆనాటి కొత్త వస్తువులను అంత సహజంగా పాత నేతలోకి తీసుకున్న ఆ మనసు నాకు ఎంతో ఇష్టం. అయినా మా గోడకు బొమ్మలు లేని రుమాలునే ఎంచుకున్నాను. దూరం నుంచి చూసే గోడకు చతురస్రాల లెక్కే నిండుదనం ఇస్తుంది, బొమ్మలను దగ్గరగా చేతిలో పట్టుకుని చూడాలి. జంట ఇకత్‌లో పడుగు పోగు ఎరుపు ఉన్న చోటికే పేక పోగు ఎరుపు రావాలి. మగ్గం ముందు కూర్చున్న ఆయన ప్రతి పేకనూ నాడెతో తోసిన తరువాత ఆగి, సూది మొనతో పోగులను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, రెండు రంగులూ కలిశాకే పలకతో పేకను దగ్గరికి కొట్టాడు. సగం చేయి పొడవు నేయడానికి ఎంత సేపు పట్టిందో చూసిన తరువాత రుమాలు ధర గురించి బేరం మాట నా నోట రాలేదు.

ఫిబ్రవరి, చివరి వారం

తెరల బట్ట, దుప్పటి ఇంటికి చేరాయి. కుట్టడానికి ముందే మొత్తం బట్టను చన్నీళ్లలో నానబెట్టి గంజి వదిలించి, నీడలో ఆరబెట్టాము. గుర్తు పెట్టిన 100 సెంటీమీటర్లు 96 అయ్యాయి. అనుకున్న 5 అంగుళాలు సరిపోయాయి. కొంచెం తడి ఉండగానే వెనుక వైపు నుంచి ఇస్త్రీ చేస్తే పోగులు నిటారుగా నిలుస్తాయి.

తెరలకు గుండ్రటి లోహపు రింగులు బిగించడానికి దర్జీ ఉత్సాహపడ్డాడు, ఇప్పుడందరూ అవే కోరుతున్నారని చెప్పాడు. రింగు పెట్టాలంటే బట్టకు రంధ్రం కొట్టాలి. అందుకు బదులు కుచ్చుల టేపు కుట్టి కొక్కాలతో వేలాడదీయమన్నాను. ఇల్లు మారినా, కిటికీ మారినా టేపు విప్పేస్తే బట్ట మళ్లీ బట్టే, పైన మడతలో కూడా నమూనా చెక్కుచెదరదు. ఎండ ఆపే అస్తరును తెరకు కలిపి కుట్టకుండా వేరే పట్టాలపై వేలాడదీశాము. నూలు, అస్తరు ఒకే మోతాదులో ముడుచుకోవు, కలిపి కుడితే మొదటి ఉతుకులోనే తెర ముడతలు పడుతుంది. పైగా ఎండ తగిలేది అస్తరుకు కాబట్టి నీలానికి ఆయువు పెరుగుతుంది.

నాలుగు తెరల నమూనాను ఒక వరసలో నిలపడం మాకు పట్టిన అసలు కసరత్తు. చేత్తో కట్టిన కట్లు కనుక 108 అంగుళాల పొడవులో ఒక తెరకూ మరో తెరకూ అరంగుళం తేడా వస్తుంది. దర్జీ అలవాటు ప్రకారం పై అంచు దగ్గర నమూనాను కలిపి కుడితే ఆ తేడా అంతా కిందికి జారి, కూర్చున్నవారి కంటికి సూటిగా తగులుతుంది. కాబట్టి సోఫాలో కూర్చున్నవారి కంటి మట్టాన్ని గోడ మీద గుర్తు పెట్టి, ఆ మట్టంలో నాలుగు తెరల బాణపు మొనలనూ ఒక గీతలో నిలిపి, మిగిలిన తేడాను పై మడతకూ కింది మడతకూ పంచాము. మగ్గం అంచును పక్కల మడవకుండా అలాగే వదిలాము. పేక పోగు తిరిగే చోట చిన్న చిన్న కుచ్చుల్లా కనిపిస్తున్న నీలపు ఉచ్చులు తెర చివర ఎంతో నిండుగా ఉన్నాయి.

మార్చి, మూడో వారం

రుమాలు వచ్చింది, గోడకు ఎక్కింది. అద్దం పటం కట్టించమని చాలామంది చెప్పారు. బట్ట అద్దానికి నేరుగా తగిలితే చెమ్మ లోపలే నిలిచి మచ్చలు పడతాయి, జిగురుతో అట్టకు అంటిస్తే ఇక ఎప్పటికీ విప్పలేము. ఉతికి గంజి తీసిన తెల్లని నూలు బట్టను రుమాలుకంటె కాస్త పెద్దదిగా తీసుకుని, దానిమీద రుమాలును పరిచి, అంచుల వెంట మాత్రమే సన్నని సూదితో దూరం దూరంగా కుట్టించాము. వెనుక తెల్ల బట్టకు పైభాగాన గొట్టంలా మడిచి కుట్టిన పట్టీలో చెక్క కడ్డీ దూర్చి, కడ్డీని గోడకు రెండు కొక్కాలపై ఆనించాము. బరువంతా తెల్ల బట్ట మోస్తుంది, రుమాలు పోగు మీద లాగుడు పడదు. గోడకూ బట్టకూ మధ్య వేలెడు సందు ఉంది, గాలి ఆడుతుంది. పైన ఉన్న స్పాట్ లైటును తీయించి, దూరంగా సీలింగు అంచు నుంచి పడే లేత పసుపు ఎల్ఈడీ వెలుగు పెట్టించాము. వాసన ఇంకా ఉంది. భోజనాల బల్ల దగ్గర కూర్చున్న అతిథులు ముందు వాసన పసిగట్టి, తరువాత తల తిప్పి రుమాలు చూస్తున్నారు.

గోడకు ఎదురుగా కుర్చీలు, బల్ల ఏ నమూనా లేని టేకు చెక్కవే ఉంచాము. బల్ల మీద పరచడానికి ఇకత్ పట్టీ కూడా తెద్దామని ఇంట్లో అన్నారు గానీ, రుమాలు ఎదుట మరో నమూనా వద్దన్న కట్టుబాటుకు అందరూ ఒప్పుకున్నారు.

ఏప్రిల్, రెండో వారం

పడమటి అద్దానికి అంటించిన నీలం ముక్కను బీరువాలోని ముక్క పక్కన పెట్టి పట్టపగలు చూశాము. తేడా కనిపించలేదు. ఈ ఎండాకాలం అంతా అక్కడే ఉంచి, వానలు మొదలయ్యాక మళ్లీ చూస్తాను. పెద్ద పడకగదిలో దుప్పటి నడుమ చతురస్రం సరిగ్గా పరుపు మధ్యన నిలిచింది. మంచం సర్దేటప్పుడు కాళ్ల వైపు అంచును నేల నుంచి ఒకే ఎత్తులో దించితే చాలు, మిగిలినదంతా దానంతట అదే కుదురుతోంది. పగలు పొద్దెక్కేవరకు తూర్పు కిటికీ తెర మూసి ఉంచడం అలవాటు చేసుకున్నాము, ఎందుకంటే దుప్పటిలోని ముదురు ఎరుపుకు నీలానికి ఉన్నంత ఎండ ఓర్పు లేదు.

ఇక మిగిలింది పిల్లల గది కిటికీ. అక్కడ కుచ్చుల తెర కాకుండా పైకి మడిచే చదునైన పరదా వేయాలని నిర్ణయించాము. చదునుగా ఉంటుంది కనుక పెద్ద నమూనా పెట్టవచ్చు, అయితే మడతలు ప్రతి 10 అంగుళాలకు పడతాయి కాబట్టి నమూనా కూడా 10 అంగుళాలకే మొదలై ముగియాలి. కిటికీ 48 అంగుళాలు, మగ్గం వెడల్పు 46. పక్కల సాదా పట్టీ అతకడమా, వెడల్పు మగ్గం మీద నేయించడమా అన్నది నేతకారునితో మాట్లాడి తేల్చాలి. పసుపు, ముదురు ఆకుపచ్చ రంగుల్లో ఆయన దగ్గర వానాకాలం ముగిశాక ఒక పడుగు ఎక్కబోతోందని తెలిసింది, అందులో మాకు 4 మీటర్లు ఉంచమని చెప్పి బయానా ఇచ్చి వచ్చాము.